పసుపో, విషమో... వెలుగు చెబుతుందా?

2001 అక్టోబరు చివర్లో అమెరికా నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. ఆ రోజుల్లో ఐఎస్‌డీ కాల్ అంటే నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడేవాళ్ళం. అయినా ముందు అందరి క్షేమాలూ అడగడం మా ఇంట్లో అలవాటు. ఆ రోజు మాత్రం అదేమీ లేదు. "అక్కా, అమ్మ పంపిన కవర్లో ఏం పెట్టారు?" అని అడిగింది.

నవంబరు నెలాఖర్లో మా తమ్ముడి పెళ్ళి. అమ్మ శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాసి, చిన్న కాగితం పొట్లంలో అక్షింతలు కట్టి, కవర్లో పెట్టి పోస్టు చేయించింది. దూరాన ఉన్న పిల్ల పెళ్ళికి ఎలాగూ రాలేదు, కనీసం అక్షింతలైనా చేరాలని ఆవిడ తాపత్రయం. దార్లో పొట్లం విప్పుకుపోయినట్టుంది. కవరు అంచుల్నించి పొడి రాలుతోందట.

"అక్షింతలే తల్లీ, పసుపు రాలుతోంది, ఇంకేం కాదు" అన్నాను.

"అది నాకూ తెలుసక్కా. కానీ పోస్టాఫీసులో దీని పక్కన ఏ కవరుందో నాకు తెలీదు కదా" అంది. అప్పటికి దాని ఒళ్ళో ఆర్నెల్ల పాప. కవర్ని ప్లాస్టిక్ సంచీలో వేసి, ఇంటి బయట కారు షెడ్డులో పెట్టిందట. పెళ్ళి అయిపోయినా విప్పలేదు.

అమ్మ చాలా నొచ్చుకుంది. "నా చేత్తో కలిపిన అక్షింతలకి భయపడిందా?" అని నాలుగు రోజులు ముభావంగా ఉంది. నేను కూడా చెల్లెలిది చాదస్తమే అనుకున్నాను. తర్వాత ఆ విషయాలు ఒక్కొక్కటే చదువుతూ వస్తే, అది అడిగిన మాటలో ఎంత సత్యం ఉందో అర్థమైంది. గాలిలో కలిసిన ప్రమాదం కంటికి కనబడదు, ముక్కుకి తెలీదు. మరి తెలిసేదెలా? వెలుగు వేసి పట్టుకోవచ్చునని శాస్త్రవేత్తలు అంటున్నారు. అదెంతవరకు నిజమో, దానివల్ల మనలాంటి వాళ్ళకి ఒరిగేదేమిటో చెప్పాలనే ఈ వ్యాసం.

ఆ రెండు నెలల్లో ఏం జరిగింది?

మా చెల్లెలుండేది న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో. మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్న ఊరు. అదే రాష్ట్రంలో ప్రిన్స్‌టన్ అనే ఊళ్ళో వీధి పక్కనున్న పోస్టు డబ్బాలో ఎవరో కొన్ని ఉత్తరాలు వేశారు. సెప్టెంబరు 18న కొన్ని పత్రికలకీ, టీవీ సంస్థలకీ, అక్టోబరు 9న ఇద్దరు సెనేటర్లకీ వాటిపై ముద్రలు పడ్డాయి. అన్నిట్లోనూ ఆంథ్రాక్స్ పొడి.

ఆంథ్రాక్స్ మనకి కొత్తదేం కాదు. పశువులకొచ్చే దొమ్మ రోగం అదే. విశాఖ ఏజెన్సీలో చచ్చిన గొర్రెనో మేకనో కోసి, మాంసం శుభ్రం చేసిన వాళ్ళ చేతుల మీద నల్లటి పుండ్లు లేవడం అప్పుడప్పుడూ పేపర్లో చూస్తూనే ఉంటాం. చర్మానికొచ్చే రకం మందులకి తొందరగా లొంగుతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే రకం అలా కాదు. ఆ క్రిమి సిద్ధబీజం అనే గట్టి గుల్ల కట్టుకుని ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. ఒక్కో బీజం సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పీలిస్తే నేరుగా ఊపిరితిత్తుల అడుగుకి చేరుతుంది.

ఆ ఉత్తరాలవల్ల మొత్తం 22 మందికి జబ్బు చేసింది. 5 గురు చనిపోయారు. ఆ అయిదుగురిలో ఇద్దరు ఆడవాళ్ళు. నన్ను ఇప్పటికీ వెంటాడేది వాళ్ళిద్దరి కథే.

ఒకరు కేథీ గుయెన్. వియత్నాం నుంచి వలస వెళ్ళి, న్యూయార్క్‌లో ఒక ఆస్పత్రి సామాను గదిలో పనిచేసే 61 ఏళ్ళ ఒంటరి మనిషి. అక్టోబరు 31న చనిపోయింది. ఆవిడ ఇల్లు, పనిచేసిన చోటు అంతా గాలించారు. ఒక్క బీజం కూడా దొరకలేదు. ఆ విషం ఎక్కడ పీల్చిందో ఈ నాటికీ ఎవరికీ తెలీదు.

రెండోవారు ఒటిలీ లండ్‌గ్రెన్. కనెటికట్ రాష్ట్రంలో చిన్న ఊరు. 94 ఏళ్ళ ముసలమ్మ. నవంబరు 21న పోయింది. ఆవిడ ఇంట్లోనూ ఏమీ దొరకలేదు. అయితే ఆ ప్రాంతానికి ఉత్తరాలు పంచే పెద్ద పోస్టల్ కేంద్రంలో బీజాలు కనబడ్డాయి. విషపు ఉత్తరానికి పక్కన నలిగిన మామూలు ఉత్తరమేదో ఆవిడ ఇంటికి చేరి ఉంటుందని అనుమానం. మా చెల్లెలు చెప్పింది ఇదే కదా, "దీని పక్కన ఏ కవరుందో నాకు తెలీదు" అని!

ముందు ఎవరికి చెప్పారు?

ఇంకో ఇద్దరి సంగతి కూడా చెప్పాలి. అక్టోబరు 15న సెనేటర్ టామ్ డాషిల్ కార్యాలయంలో ఆ ఉత్తరం విప్పారు. వెంటనే అక్కడున్న ఉద్యోగులకి ముక్కులో పరీక్షలు చేశారు, మందులు మొదలుపెట్టారు. మంచిదే. కానీ ఆ ఉత్తరం ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా? వాషింగ్టన్‌లోని బ్రెంట్‌వుడ్ పోస్టల్ కేంద్రం మీదుగానే వచ్చింది. అక్కడి కార్మికుల చేత మాత్రం పని చేయిస్తూనే ఉన్నారు. అతికించిన కవర్లోంచి పొడి బయటికి రాదనేది అప్పటి నిపుణుల నమ్మకం. ఉత్తరాల్ని వేగంగా విడదీసే యంత్రాలు కవర్ని నొక్కేసరికి, కాగితంలోని సన్నటి రంధ్రాల్లోంచి బీజాలు గాల్లోకి లేచాయి. ఆ కేంద్రాన్ని అక్టోబరు 21న గానీ మూయలేదు. ఆ రోజొకరు, మర్నాడొకరు, ఇద్దరు కార్మికులు చనిపోయారు.

ఆ తర్వాత దాదాపు 10 వేలమందిని 60 రోజులపాటు మందులు వాడమన్నారు. వాటిలో ముఖ్యమైన ఒకటి డాక్సీసైక్లిన్. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థ పరిశోధనలకి అధిపతిగా ఉన్న రోజుల్లో, 1948లో, ఆరియోమైసిన్ లోకానికి పరిచయమైంది. డాక్సీసైక్లిన్ ఆ మందు కుటుంబానిదే.

దోషి ఎవరన్నది కూడా సంతృప్తిగా తేలలేదు. సైన్యపు ప్రయోగశాలలో పనిచేసే బ్రూస్ ఐవిన్స్ అనే శాస్త్రవేత్తే చేశాడని 2010లో దర్యాప్తు ముగించారు. అప్పటికి ఆయన ఆత్మహత్య చేసుకుని రెండేళ్ళు. ఆ పొడి ఎక్కడి నుంచి వచ్చిందో శాస్త్రీయ ఆధారాలతో మాత్రమే ఖాయంగా చెప్పలేమని 2011లో అక్కడి జాతీయ శాస్త్ర అకాడమీ సంఘం తేల్చింది.

వెలుగు ఎలా పట్టిస్తుంది?

ఇక అసలు విషయానికొద్దాం. బంగారం కొట్లో మీరు 500 నోటిస్తే, కౌంటర్లో ఊదారంగు దీపం కింద పెట్టి చూస్తాడు. నోటులోని కొన్ని గీతలు ఒక్కసారి మెరుస్తాయి. మామూలు వెలుగులో కనబడనివి ఆ దీపం కింద ఎందుకు మెరిశాయి? కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని తాగి, దాన్ని కంటికి కనిపించే రంగుగా బయటికి వదిలే గుణం కొన్ని పదార్థాలకుంది. దీన్నే ప్రతిదీప్తి అంటారు. సబ్బు పొడిలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలకీ ఈ గుణముంది. అందుకే ఆ దీపం కింద ఉతికిన తెల్లచొక్కా నీలంగా వెలుగుతుంది.

ప్రాణమున్న వాటన్నిట్లోనూ ఇలా మెరిసే పదార్థాలు కొన్ని ఉన్నాయి. ట్రిప్టోఫాన్ ఒకటి. పాలు, గుడ్లు, పప్పుల్లోని మాంసకృత్తుల్లో ఉండేదే. దీనిమీద సుమారు 280 నానోమీటర్ల కాంతి వేస్తే, 340 దగ్గర తిరిగి వెలుగిస్తుంది. జీవకణం శక్తి వాడకానికి పనికొచ్చే మరో పదార్థం, మనం బి2 విటమిన్ అని చెప్పుకునే రైబోఫ్లేవిన్, ఇవి వేరే రంగుల్లో మెరుస్తాయి. ఏ రంగు కాంతికి ఏ రంగు తిరిగొచ్చిందో విడదీసి చదవడమే వర్ణపట విశ్లేషణ.

యంత్రం చేసే పని ఇంతే. గాలిని సన్నటి ధారగా లోపలికి లాగుతుంది. రేణువులు ఒకదాని వెనక ఒకటి, సూదిలోకి దారం దూరినట్టు, లేజరు కాంతి ముందు నుంచి వెళతాయి. కాంతి ఎలా చెదిరిందో చూస్తే రేణువు సైజు తెలుస్తుంది. ఏ రంగులో మెరిసిందో చూస్తే అది జీవానికి సంబంధించినదా, ఉత్త మట్టి ధూళా అన్నది తెలుస్తుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ సమయంలో అయిపోతుంది. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత అమెరికా సైన్యం ఇలాంటి యంత్రాల మీద గట్టిగా ఖర్చు పెట్టింది.

రెండో పద్ధతి మన రామన్ గారిది. 1928 ఫిబ్రవరి 28న ఆయన కనిపెట్టిన సంగతికి గుర్తుగానే ఏటా జాతీయ సైన్స్ దినోత్సవం చేసుకుంటున్నాం. రామన్ చిన్నతనం, బడి చదువు విశాఖపట్నంలోనే గడిచాయి. వాళ్ళ నాన్నగారు ఏవీఎన్ కళాశాలలో పాఠాలు చెప్పేవారు. ఒక పదార్థం మీద కాంతి పడితే, అందులో కోటికో ఇంచుమించు ఒక వంతు మాత్రం తన రంగు కాస్త మార్చుకుని వస్తుంది. ఆ మార్పు ఒక్కో పదార్థానికి ఒక్కో రకం, వేలిముద్ర లాగా. ఆంథ్రాక్స్ సిద్ధబీజాల్లో డైపికోలినిక్ ఆమ్లమనే పదార్థం దండిగా ఉంటుంది, దాని గుర్తు ఇందులో బాగా తెలుస్తుంది. అయితే ఆ వెలుగు మరీ బలహీనం. రేణువుల్ని ఒకచోట చేర్చి, ఓపిగ్గా చదవాలి. వెండి, బంగారపు అతి సన్నటి రేణువుల్ని పక్కన చేరిస్తే ఆ వెలుగు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బంగారం ఆడవాళ్ళ మెడకే కాదు, శాస్త్రవేత్తల బల్లకీ శోభే అన్నమాట!

కుక్క మొరుగుతుంది, వచ్చిందెవరో చెప్పదు

ఇంత తెలివైన యంత్రముంటే ఇంకేం, ప్రతి రైల్వే స్టేషన్లోనూ పెట్టేయొచ్చు కదా? నాకూ మొదట అదే అనిపించింది.

వాకిట్లో కుక్కని తలుచుకోండి. ఎవరొచ్చినా మొరుగుతుంది. పాలవాడికీ మొరుగుతుంది, దొంగకీ మొరుగుతుంది. మెరిసే రేణువుని చూసి మొరిగే యంత్రం సంగతీ అంతే. పుప్పొడి మెరుస్తుంది. బూజు మెరుస్తుంది. డీజిలు పొగలోని కొన్ని రసాయనాలు మెరుస్తాయి. చొక్కా నుంచి రాలిన నూలు పోగు కూడా మెరుస్తుంది. అంతెందుకు, పసుపు కలిపిన స్పిరిట్ మీద ఊదారంగు దీపం వేసి చూడండి, ఆకుపచ్చ కలిసిన పసుపురంగులో ధగధగలాడుతుంది. మా అమ్మ కవరు ఆ యంత్రం ముందు పెట్టి ఉంటే, అది తప్పకుండా మొరిగేదనే నా నమ్మకం.

ఇందులో లెక్క కూడా ఉంది. యంత్రం వెయ్యిసార్లకి ఒక్కసారే పొరపాటు చేస్తుందనుకుందాం. గొప్ప యంత్రమే. నిమిషానికోసారి చూస్తే రోజుకి 1,440 సార్లు. అంటే రోజుకొకటికి మించి ఉత్తుత్తి గంట. ఊళ్ళో అలాంటివి 100 పెడితే రోజుకి 144. ప్రతిసారీ స్టేషన్ ఖాళీ చేయిస్తామా? నాలుగు రోజులు పరిగెత్తి, అయిదో రోజు ఎవరూ పట్టించుకోరు. నాన్నా పులి కథే. అసలైన పులి ఆరో రోజు వస్తే?

అమెరికావాళ్ళకి ఇది అనుభవంలోకే వచ్చింది. ఆ ఉత్తరాల గొడవ తర్వాత 2003లో బయోవాచ్ అని ఒక ఏర్పాటు పెట్టారు. 30కి పైగా ప్రాంతాల్లో గాలిని వడగట్టే యంత్రాలు. వడపోత కాగితాన్ని మనుషులే తీసి ప్రయోగశాలకి తీసుకెళ్ళాలి. ఫలితం రావడానికి 12 నుంచి 36 గంటలు. ఈలోగా పీల్చాల్సిన వాళ్ళు పీల్చేసి ఉంటారు! 2003 నుంచి 2014 వరకు 149 సార్లు ఏదో ఉందని తేలింది, ఒక్కటీ దాడి కాదు. నేలలో, పరిసరాల్లో మామూలుగా ఉండే క్రిములకి దగ్గర చుట్టాలు కూడా ఆ పరీక్షకి దొరుకుతాయి మరి.

ఈ ఆలస్యం తప్పించాలనే కాంతి యంత్రాల్ని ముందు నిలబెట్టే కొత్త పథకం 2019లో మొదలుపెట్టారు. కాంతి క్షణాల్లో మొరుగుతుంది, ఆ తర్వాత పరీక్ష వచ్చి ఎవరో తేలుస్తుంది అన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ పుప్పొడి, మట్టి, డీజిలు పొగ కూడా అదే రకం సంకేతమిస్తాయనీ, ఉత్తుత్తి గంటలు పెరుగుతాయనీ అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2021లో నివేదిక ఇచ్చింది. పోస్టాఫీసుల్లో మాత్రం ఉత్తరాల యంత్రాల దగ్గరే గాలిని పట్టి, ఆంథ్రాక్స్ జన్యువు కోసమే వెతికే పరికరాలు పెట్టారు. వాటి పరిధి చిన్నది, ప్రశ్న ఒక్కటే. అందుకే అవి కాస్త నయం.

కాబట్టి కాంతి యంత్రం పనికిరాదని కాదు. కుక్కని పెంచుకోవాలి. మొరిగినప్పుడు లైటు వేసి చూసే మనిషి కూడా ఉండాలి.

యంత్రం లేకుండా పట్టుకున్న ఆడవాళ్ళు

మనిషి ఉండాలంటున్నాను కనక, ఒక పాత కథ గుర్తుచేస్తాను. 1979 ఏప్రిల్లో సోవియట్ యూనియన్‌లోని స్వెర్‌ద్లోవ్‌స్క్ నగరంలో ఆంథ్రాక్స్‌తో కనీసం 66 మంది చనిపోయారు. చెడిపోయిన మాంసం తిన్నారని ప్రభుత్వం చెప్పింది. మాంసం కొన్నది, వండింది ఎవరు? ఇంటి ఇల్లాలు. తప్పు చివరికి వంటింటి గడపలోకి నెట్టేశారు!

ఫాయినా అబ్రమోవా అనే డాక్టరమ్మ అక్కడ శవపరీక్షలు చేసింది. రహస్య పోలీసులు ఆస్పత్రి రికార్డులు పట్టుకుపోయినా, ఆవిడా, తోటి డాక్టరు లెవ్ గ్రీన్‌బర్గ్ కలిసి కణజాలపు ముక్కల్ని, రాసుకున్న కాగితాల్ని ఏళ్ళ తరబడి దాచిపెట్టారు. జబ్బు పొట్టలోంచి కాదు, ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందని అవే సాక్ష్యం పలికాయి.

1992లో అమెరికా నుంచి వెళ్ళిన బృందంలో జీన్ గియమిన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఉంది. ఆవిడ చేసింది ఇంటింటికీ తిరగడం. భర్తని పోగొట్టుకున్న ఆడవాళ్ళతో, తల్లుల్ని పోగొట్టుకున్న పిల్లలతో కూచుని, "ఆ వారం మీవాళ్ళు పగలు ఎక్కడున్నారు?" అని అడిగింది. ఆ జవాబులన్నీ పటం మీద గుర్తులు పెడితే, సైనిక స్థావరం నుంచి గాలి వీచిన వైపు సన్నగా ఒక గీత వచ్చింది. ఏప్రిల్ 2న విషం ఆ స్థావరం నుంచే లేచింది. 1994లో ఆ వివరాలు సైన్స్ పత్రికలో వచ్చాయి. 13 ఏళ్ళు వంటింటి మీద పడ్డ నింద అలా తొలగింది. ఏ లేజరూ చూడని గాలిని ఆ ఇళ్ళ ఆడవాళ్ళ జ్ఞాపకం పట్టించింది.

మన గాలి సంగతేమిటి?

"అమెరికా, రష్యా గొడవలు మనకెందుకమ్మా?" అంటారేమో. మన ఊళ్ళో ఎవరూ ఆంథ్రాక్స్ ఉత్తరాలు వేయరనే అనుకుందాం. అయినా గాల్లో ప్రమాదం మనకి రోజూ ఉండేదే.

వయ్యారిభామ కలుపు మొక్క మన ఖాళీ స్థలాలన్నిట్లోనూ ఉంది. దాని పుప్పొడి చాలామందికి తుమ్ములు, ఆయాసం తెప్పిస్తుంది. ఇంత చేటు చేసే మొక్కకి ఆడదాని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ! 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉరుముల వాన వచ్చింది. గడ్డి పుప్పొడి తేమకి పగిలి సన్నటి నలకలై ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆ దెబ్బకి ఉబ్బసంతో వేలమంది ఆస్పత్రులకి పరిగెత్తారు, 10 మంది చనిపోయారు. ఆస్పత్రిలో చేరిన వాళ్ళల్లో భారత, ఆసియా సంతతివాళ్ళు తమ జనాభాకి మించి ఉన్నారని తర్వాత తేలింది. మనవాళ్ళ పిల్లలు చదువులకి వెళ్ళే ఊరే అది. వసంతం వెళ్ళి వేసవి వచ్చే ఆ రోజుల్లో వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు, ఇన్‌హేలరు దగ్గరుంచుకున్నారా అని ఒక్క మాట అడగండి. స్విట్జర్లాండ్‌లో ఇప్పుడు కాంతి యంత్రాలే గాలిలోని పుప్పొడిని ఏ చెట్టుదో గుర్తుపట్టి గంటగంటకీ చెబుతున్నాయి. యుద్ధం కోసం పుట్టిన విద్య ఉబ్బసం పిల్లల తల్లులకి పనికొస్తోంది. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

కోవిడ్ రోజులు మర్చిపోలేం కదా. 2020 మార్చిలో, ఆ జబ్బు గాలి ద్వారా వ్యాపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మనం కూరగాయలు సబ్బునీళ్ళలో కడుక్కుంటూ కూచున్నాం. గాలిలోనే వస్తోందని ఆ జులైలో 239 మంది శాస్త్రవేత్తల తరఫున గొంతెత్తిన వాళ్ళలో ముందున్నది బ్రిస్బేన్‌లో పనిచేసే లిడియా మోరావ్‌స్కా. గాలిలోని జీవరేణువుల్ని అతినీలలోహిత కాంతితో పట్టే పరికరాల మీద అంతకు చాలా ముందే పనిచేసిన మనిషి ఆవిడ. ఆ సంస్థ తన మాట సరిదిద్దుకోవడానికి ఏడాది పైనే పట్టింది.

వైరస్ మరీ చిన్నది. గదిలో ఉందో లేదో మన చేతికందే ఏ కాంతి యంత్రమూ సూటిగా చెప్పలేదు. కానీ ఒక చిన్న పరికరం ఉంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంతుందో పరారుణ కాంతితో కొలుస్తుంది. ఆరుబయట సుమారు పది లక్షల్లో 420 వంతులుంటుంది. తలుపులు మూసిన క్లాసుగదిలో పిల్లలు కిక్కిరిసి కూచుంటే వెయ్యి దాటిపోతుంది. అంటే ఒకరు వదిలిన ఊపిరి మరొకరు పీలుస్తున్నారని అర్థం. క్రిమిని చూపించదు, క్రిమికి దారి ఉందని చెబుతుంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ కూడా గాలి ద్వారా వచ్చేదే. ఏసీ గదుల ట్యూషన్ సెంటర్లకి వేలకి వేలు ఫీజులు కడుతున్నాం. ఈ ఒక్క పరికరం గోడకి పెట్టమని తల్లులం అడిగితే తప్పేముంది? అదీ లేకపోతే, కిటికీలు తెరవమనైనా అడగొచ్చు. దానికి ఖర్చేమీ లేదు.

చివరికి మిగిలే ప్రశ్న

ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఒక్కటే. వెలుగు మనకి చూపు ఇస్తుంది. కానీ చూసింది ఎవరికి ముందు చెబుతారన్నది యంత్రం చేతిలో లేదు. సెనేటు ఉద్యోగులకి ఆ రోజే మందులందాయి, ఉత్తరాలు మోసిన వాళ్ళకి ఆరు రోజుల తర్వాత. ఆ తేడాకి లేజరు లేకపోవడం కారణం కాదు. పాకీ పని చేసే వాళ్ళు, ఆస్పత్రిలో ఆయాలు, నర్సులు, చెత్త ఏరే ఆడవాళ్ళు, గొర్రెల మాంసం శుభ్రం చేసే ఏజెన్సీ ఆడవాళ్ళు, గాలిలో ఏముందో అందరికన్నా ముందు పీల్చేది వీళ్ళే. అందరికన్నా చివర తెలిసేది కూడా వీళ్ళకే. మన దగ్గరా రేపు ఇలాంటి యంత్రాలు వస్తాయి. విమానాశ్రయాల్లో, పెద్ద పెద్ద కార్యాలయాల్లో ముందు పెడతారు. క్షయ వార్డులో తుడిచే ఆవిడ దాకా ఎప్పుడొస్తాయని ఇప్పట్నించే అడుగుదాం.

ఇంతకీ మా చెల్లెలి కవరు సంగతి చెప్పలేదు కదూ. సంక్రాంతి దాటాక, చేతులకి గ్లౌజులు వేసుకుని, పెరట్లో విప్పిందట. శుభలేఖ నలిగిపోయింది, అక్షింతలు నాలుగే మిగిలాయి. పాప తలమీద వేద్దామని చెయ్యెత్తి, మళ్ళీ ఆగి, మొక్క మొదట్లో వేసేసిందట. ఆ మాట అమ్మకి ఇద్దరం చెప్పలేదు. ఆ తర్వాత అమ్మ ఎన్ని పెళ్ళిళ్ళకి శుభలేఖలు పంపినా, అక్షింతలు మాత్రం పోస్టులో వేయలేదు. ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే వాళ్ళ చేతికిచ్చి పంపేది.